హెడ్‌లైట్‌లో చెమ్మ: నీరు దూరిన దారి కనిపెట్టి, ఆరబెట్టి, మళ్ళీ రాకుండా మూసే పద్ధతి

వానాకాలంలో ఒక ఉదయం కారు దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక హెడ్‌లైట్ అద్దం చెమర్చి ఉంటుంది. గుడ్డతో ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే చెమ్మ లోపలివైపు ఉంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని దాన్ని ఎలాగో ఒకలా ఆరబెట్టడం. ఎండలో నిలబెడతారు, హెయిర్ డ్రయ్యర్ పెడతారు, అద్దం తేటపడుతుంది, వారం తిరక్కుండానే మళ్ళీ మసకబారుతుంది. ఆరబెట్టడం కష్టమైన పనేమీ కాదు. ఆ నీరు ఎటు నుంచి వచ్చిందో తెలుసుకోవడమే అసలు పని. అందువల్ల ఈ మార్గదర్శిలో ముందు దారి వెతకడం, తరువాత ఆరబెట్టడం, చివరగా మూయడం అనే వరుసను పాటించాను. ఈ వరుస తప్పితే ఎంత శ్రమపడినా పని మళ్ళీ మొదటికే వస్తుంది.

హెడ్‌లైట్ కూడా గాలి పీల్చి వదులుతుంది

ఒకప్పటి సీల్డ్ బీమ్ దీపాల్లో గాజు ముఖాన్ని, రిఫ్లెక్టర్‌ను కరిగించి ఒకటిగా అతికించేవారు. మొత్తం దీపమే ఒక పెద్ద బల్బు కాబట్టి అందులోకి గాలి పోవడానికి వీలుండేది కాదు. ఫిలమెంటు తెగితే దీపం మొత్తం మార్చేవారు. ఇప్పటి హెడ్‌లైట్ నిర్మాణం వేరు. ముందువైపు పాలీకార్బొనేట్ అద్దం, వెనుక ప్లాస్టిక్ డబ్బా, ఆ రెండూ కలిసే చోట చుట్టూ ఒక గాడి, ఆ గాడిలో బ్యూటైల్ వంటి సాగే జిగురు, బల్బు మార్చుకోవడానికి వెనుక ఒక మూత ఉంటాయి. వీటికి తోడు తయారీదారులు కావాలనే రెండు మూడు చోట్ల గాలి రంధ్రాలు పెడతారు. వాటికి కొన్ని కార్లలో వంపు తిరిగిన చిన్న రబ్బరు గొట్టాలు, కొన్నింటిలో రూపాయి బిళ్ళంత గుండ్రని పొర ఉంటాయి. ఆ పొర గాలినీ ఆవిరినీ పోనిస్తుంది కానీ నీటి చుక్కను ఆపుతుంది.

ఈ రంధ్రాలు ఎందుకో తెలియక వాటినే నీటి దారులనుకుని సందులు పూడ్చే సిలికాన్ జిగురుతో మూసేవారు ఉన్నారు. చిన్న లెక్క వేసి చూద్దాం. లోపలి గాలి 30 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు వేడెక్కిందనుకుంటే, బయటికి పోయే దారి లేనప్పుడు దాని పీడనం సుమారు 13 శాతం పెరుగుతుంది. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు 130 గ్రాముల బరువు అదనంగా పడుతుంది. 600 చదరపు సెంటీమీటర్ల అద్దం మీద అది 75 కిలోలు దాటుతుంది. ఒక మనిషి లోపలి నుంచి అద్దాన్ని ఒత్తినట్టే కదా, ఆ ఒత్తిడికి గాడిలోని జిగురు ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ వదులుతుంది. రంధ్రాలు తెరిచి ఉన్నప్పుడు వేడెక్కిన గాలి కొంత బయటికి పోతుంది, దీపం ఆర్పి చల్లారగానే అంతే గాలి లోపలికి వస్తుంది. 10 లీటర్ల హెడ్‌లైట్‌లో ఆ రాకపోకలు ఒక్కో విడతకు లీటరుకు పైగానే ఉంటాయి.

దీన్నిబట్టి ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. వేడిగా ఉన్న హెడ్‌లైట్ మీద చల్లని నీళ్ళు కొడితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి బయటివాటిని లోపలికి పీలుస్తుంది. ఆ క్షణాన జిగురులో వెంట్రుకంత సందు ఉన్నా, ఆ సందు మీద నీరు నిలిచి ఉంటే, లోపలికి పోయేది గాలి కాదు, నీరు. రోడ్డు మీద తిరిగి వచ్చిన బండిని వెంటనే వాటర్ వాష్‌కు పెట్టిన మర్నాడే చెమ్మ కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం.

మొదటి అడుగు: అది ఆవిరా, నీరా?

ఆరబెట్టడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. కాకినాడ, విశాఖపట్నం వంటి తీర ప్రాంతాల్లో వానాకాలం సాయంత్రం 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉండడం మామూలే. అలాంటి గాలి ఒక ఘనపు మీటరులో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. తెల్లవారుజామున వాన కురిసి అద్దం 22 డిగ్రీలకు చల్లబడితే ఆ గాలి 19 గ్రాములకు మించి మోయలేదు. మిగిలిన 5 గ్రాములూ నీరుగా మారాలి. అయితే హెడ్‌లైట్‌లో ఉన్నది ఘనపు మీటరు కాదు, మహా అయితే 10 లీటర్లు. అందులో విడుదలయ్యే నీరు గ్రాములో ఇరవయ్యో వంతు, అంటే సరిగ్గా ఒక్క చుక్క. ఆ ఒక్క చుక్కే సన్నని పొరగా పరుచుకుని అద్దంలో సగాన్ని మసకబార్చగలదు.

అందుచేత అద్దం మీద ఊపిరి ఊదినప్పటిలాంటి పలుచని మసక, అదీ ఒక మూలకే పరిమితమై, లైట్లు వేసుకుని అరగంట నుంచి ముప్పావుగంట ప్రయాణించేసరికి తనంతట తానే తగ్గిపోతే అది జబ్బు కాదు. చాలా కార్ల యజమాని పుస్తకాలు కూడా ఈ సంగతి చెబుతాయి. ఇలాంటి మసకకు హెడ్‌లైట్ విప్పడం పొరపాటు. విప్పకపోతే రాని సమస్యలు విప్పాక వస్తాయి.

అలా కాక, చుక్కలు చుక్కలుగా జారుతున్నా, అడుగున నీరు కదులుతూ కనిపిస్తున్నా, రెండు రోజులు ఎండ కాసినా మసక తగ్గకపోయినా, ఒకవైపు దీపంలో మాత్రమే వచ్చి రెండోది తేటగా ఉన్నా నీరు నీరుగానే లోపలికి వచ్చిందని గ్రహించాలి. ఒక చిన్న చెంచాడు నీరు ఉందంటే ఇందాక చెప్పుకున్న చుక్కలు వంద చేరినట్టు. గాలిలోని ఆవిరి ఒక్క రాత్రిలో అంత నీటిని తేలేదు. రెండు దీపాలనూ పోల్చి చూడడం నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష, ఎందుకంటే రెండూ ఒకే గాలిలో, ఒకే వానలో, ఒకే చలిలో ఉన్నాయి. ఒకదానికే చెమ్మ పట్టిందంటే ఆ ఒక్కదానిలోనే తేడా ఉంది.

ఎల్‌ఈడీ హెడ్‌లైట్లకు ఈ కొలతను కొంచెం సడలించాలి. హాలోజన్ బల్బు తన వేడిని అద్దం వైపే ఎక్కువగా చిమ్ముతుంది కనుక మసకను అదే ఆరబెడుతుంది. ఎల్‌ఈడీ వేడి వెనుకనున్న లోహపు రెక్కల్లోకి పోతుంది, అద్దం చల్లగానే ఉంటుంది. అందువల్ల ఎల్‌ఈడీ దీపంలో సహజమైన మసక కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. ఒకటి రెండు గంటలు ఓపిక పట్టి చూడాలి.

రెండో అడుగు: చేయి వేయకముందు

వారంటీ ఉన్న కారైతే ఇక్కడితో ఆగి, చెమ్మ స్పష్టంగా కనిపిస్తున్నప్పుడే ఫొటోలు, చిన్న వీడియో తీసుకుని సర్వీసు కేంద్రానికి వెళ్ళాలి. ఎండ వచ్చాక తీసుకెళితే అద్దం తేటగా ఉంటుంది, చూపించడానికి ఏమీ మిగలదు. హెడ్‌లైట్‌ను మనం విప్పినా, సిలికాన్ పూసినా ఆ తర్వాత వారంటీ అడగడం కష్టం.

వరద నీటిలో మునిగిన కారు సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పటిలాంటి నీరు హెడ్‌లైట్‌లోకి పోతే లోపల మిగిలేది చెమ్మ కాదు, బురద. అది రిఫ్లెక్టర్ మీద పొరలా అంటుకుంటుంది, దీపానికి తీగలు తగిలించే కప్లర్ పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. అలాంటి దీపాన్ని బాగుచేయాలని చూడకుండా, ఏదీ కదపక, ఇన్సూరెన్సు సర్వేయరు చూసేదాకా ఉంచి, మార్పించుకోవడమే మేలు.

మనమే చేసుకోదలిస్తే ముందుగా కారును చదునైన చోట గోడకు 5 మీటర్ల దూరంలో నిలిపి, లో-బీమ్ వేసి, గోడ మీద వెలుగు ఎక్కడ తెగుతోందో రెండు దీపాలకూ కాగితపు టేపుతో గుర్తు పెట్టాలి. టైర్లు నిలిచిన చోటు కూడా సుద్దతో గీసుకోవాలి. హెడ్‌లైట్ వెలుగు ఎత్తు మార్చడానికి తిప్పే చక్రం ఉంటే అది సున్నా మీద ఉండాలి. ఇది ఇప్పుడు అనవసరంగా తోస్తుంది కానీ, చివర్లో దీని విలువ తెలుస్తుంది.

తరువాత ఇంజిన్, లైట్లు ఆపి, పావుగంట చల్లారనిచ్చి, బ్యాటరీ మైనస్ తీగ విప్పాలి. జీనాన్ దీపాలున్న కార్లలో వెలిగే క్షణాన 20,000 వోల్టులకు పైగా పుడుతుంది కనుక వాటి వెనుక భాగాన్ని అనుభవం లేనివారు తాకకూడదు.

మూడో అడుగు: నీరు వచ్చిన దారి వెతకడం

వెతకడం వెనుకవైపు నుంచి మొదలుపెట్టాలి. అద్దం పగిలిందేమో, జిగురు వదిలిందేమో అని అందరూ ముందువైపు చూస్తారు. నేను చూసినంతలో ఎక్కువసార్లు తప్పు వెనుక మూత దగ్గరే దొరుకుతుంది.

మా కారు ఎడమ దీపంలో రెండు వానాకాలాల పాటు చెమ్మ వచ్చింది. ఆరబెట్టడం, మళ్ళీ రావడం, మళ్ళీ ఆరబెట్టడం. ఒక ఆదివారం మూత చుట్టూ వేలు పోనిచ్చి చూస్తే, పైభాగం అంతా నున్నగా తగిలి, కింద కుడి మూలన వేలికి ఒక మడత తగిలింది. రబ్బరు మూత అంచు డబ్బా అంచు మీదికి ఎక్కకుండా లోపలికి ముడుచుకుని ఉంది. అంతకు ముందెప్పుడో బల్బు మార్పించినప్పుడు మూత హడావిడిగా తొడిగిన గుర్తు అది. మూత తీసి టార్చి వేస్తే, ఆ మడత ఎదురుగా డబ్బా గోడ మీద ఎండిన మట్టి గీత ఒకటి సన్నగా కిందికి దిగి, అడుగున గోరంత మరకగా ముగిసింది. చక్రం చిమ్మిన బురద నీరు ఆ దారినే వచ్చిందని వేరే రుజువు అక్కరలేదు. రెండేళ్ళ ఇబ్బందికి అయిన ఖర్చు ఆ మూతను తీసి, తుడిచి, సరిగ్గా తొడిగిన శ్రమ మాత్రమే.

కాబట్టి మూత తీసే ముందు దాని అంచు చుట్టూ వేలితో తడిమి చూడాలి. మూత తీశాక రబ్బరును కొంచెం సాగదీసి చూస్తే పగుళ్ళు బయటపడతాయి. తిప్పి బిగించే ప్లాస్టిక్ మూతైతే దాని గాడిలోని ఓ-రింగ్ (గుండ్రని రబ్బరు వలయం) ఉందో లేదో, చపటగా నలిగిందో చూడాలి. బయట కొన్న ఎల్‌ఈడీ బల్బులు వేయించుకున్నవారు ఇక్కడ మరింత శ్రద్ధ పెట్టాలి. ఆ బల్బుల వెనుక ఫ్యాను, లోహపు రెక్కలు ఉండడం వల్ల మూత పట్టదు. అప్పుడు బిగించేవారు మూతకు మధ్యలో రంధ్రం కోస్తారు, లేదంటే మూత లేకుండానే వదిలేస్తారు. హెడ్‌లైట్ వెనుక అంత పెద్ద ద్వారం ఉంచి ముందు అద్దం ఎందుకు చెమర్చిందని అడగడంలో అర్థం లేదు.

మూత తరువాత గాలి గొట్టాలు చూడాలి. వంపు గొట్టం ఊడిపోయి ఉండవచ్చు, దాని నోరు పైకి తిరిగి ఉండవచ్చు, లోపల సాలెపురుగు గూడు కట్టి ఉండవచ్చు. మూసుకుపోయిన గొట్టం నీటిని లోపలికి తేదు కానీ లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు, ఫలితం మనకు ఒకేలా కనిపిస్తుంది. ఆ తర్వాత ఇండికేటర్, పార్కింగ్ బల్బుల హోల్డర్లను, తీగలు లోపలికి పోయేచోట ఉండే రబ్బరు బిరడాను చూడాలి.

ఇంతవరకూ ఏదీ దొరకకపోతే హెడ్‌లైట్ దించక తప్పదు. చాలా కార్లలో బంపరు పైభాగమో, మొత్తం బంపరో వదులు చేస్తే తప్ప హెడ్‌లైట్ రాదు. బోల్టులు సాధారణంగా 10 నంబరువి, మూడు నాలుగు ఉంటాయి. ఎక్కడి బోల్టు అక్కడిదేనని తెలిసేలా అట్ట ముక్క మీద గుచ్చి పెట్టుకోవాలి. కప్లర్లను తీగ పట్టి లాగకుండా, వాటి మీది ప్లాస్టిక్ నాలుక నొక్కి విడదీయాలి. దించిన దీపాన్ని మెత్తటి తువ్వాలు మీద పెట్టి, పాత చిన్న దెబ్బల గుర్తులు ఏమైనా ఉన్నాయేమో చూడాలి. బంపరుకు తగిలిన చిన్న దెబ్బకు పైకి గీత కూడా పడకపోయినా, వెనుక బిగింపు చెవి విరిగి, అక్కడి నుంచి డబ్బాలోకి సన్నని పగులు పాకి ఉండవచ్చు.

కంటికి కనిపించని సందును పట్టుకోవడానికి సబ్బు నురగ పరీక్షను మించినది లేదు. మూతలన్నీ బిగించి, ఒక్క గాలి రంధ్రం తప్ప మిగిలినవాటిని టేపుతో తాత్కాలికంగా మూయాలి. తెరిచి ఉంచిన రంధ్రానికి అక్వేరియం గొట్టం వంటి సన్నని గొట్టం అమర్చాలి. పాత్రలు తోమే ద్రవం నాలుగు చుక్కలు కలిపిన నీటిని పెయింటు బ్రష్‌తో అద్దం, డబ్బా కలిసే గాడి పొడవునా పూస్తూ, ఇంకొకరిని గొట్టంలో నోటితో మెల్లగా ఊదమనాలి. పంక్చరు షాపులో ట్యూబును నీటిలో ముంచినప్పుడు చూసే దృశ్యమే ఇక్కడా కనిపిస్తుంది. గాడి అంతా నిశ్చలంగా ఉండి, ఒక్కచోట మాత్రం ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనుక ఒకటి పుడుతూ గుత్తిగా పేరుకుంటాయి. ఆ చోటికి రెండు వైపులా మార్కరుతో గీత పెట్టాలి. కంప్రెసరు గాలిని మాత్రం ఎంతమాత్రం వాడకూడదు, మంచిగా ఉన్న జిగురును కూడా అది వదిలిస్తుంది. దీపాన్ని నీటిలో ముంచి చూడడం కూడా వద్దు. ఊదిన ఊపిరిలోనూ చెమ్మ ఉంటుంది కనుకనే ఈ పరీక్షను ఆరబెట్టడానికి ముందు పెట్టాను.

నాలుగో అడుగు: ఆరబెట్టడం

ముందుగా దీపాన్ని మెల్లగా వంచుతూ నిలిచిన నీటిని మూత రంధ్రం గుండా బయటికి కార్చాలి. బల్బులు తీసి పక్కన పెట్టాలి. హాలోజన్ బల్బు గాజును చేత్తో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు అంటిన చోట గాజు అతిగా వేడెక్కి బల్బు త్వరగా పోతుంది.

లోపలి రిఫ్లెక్టర్‌ను దేనితోనూ తుడవకూడదు. ఆ మెరుపు ఆవిరి రూపంలో అద్దిన అల్యూమినియం పొర, మైక్రాను కన్నా పలుచన. కర్రకు దూది చుట్టి తుడిచినా సరే, శాశ్వతమైన గీతలు పడతాయి. పెట్రోలు, థిన్నరు, స్పిరిట్ వంటివి పాలీకార్బొనేట్ అద్దానికి తగిలితే దారాల్లాంటి పగుళ్ళు పడతాయి.

ఎండలో పెట్టడం మంచిదే, కానీ ఒక జాగ్రత్త తప్పనిసరి. ప్రొజెక్టర్ రకం దీపంలో ముందుండే గుండ్రని కటకం భూతద్దం లాంటిది. ఎండ సూటిగా దాని మీద పడితే వెలుగు లోపల ఒక బిందువు దగ్గర చేరి అక్కడి ప్లాస్టిక్‌ను కాలుస్తుంది. కనుక అద్దం కిందికి, తెరిచిన వెనుక భాగం పైకి ఉండేలా పలుచని గుడ్డ కప్పి పెట్టాలి. హెయిర్ డ్రయ్యర్ వాడితే తక్కువ వేడి మీద, 30 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒకచోటే నిలపకుండా తిప్పుతూ వాడాలి. ప్లాస్టిక్‌ను చేత్తో తాకితే వెచ్చగా ఉండాలి, చేయి వెనక్కి తీసుకోవలసిన వేడి తగలకూడదు. పెయింటు వలిచే హీట్ గన్ ఈ పనికి పనికిరాదు.

అయితే వానాకాలంలో ఈ రెండు పద్ధతులకూ ఒక పరిమితి ఉంది. ఎంత ఆరబెట్టినా చివరికి మనం మూత వేసేది చుట్టూ ఉన్న తేమ గాలిని లోపల బంధించే. ఇందుకు ఇంట్లోనే ఉన్న మంచి ఉపాయం ఏసీ గది. 24 డిగ్రీల దగ్గర, సగం తేమతో ఉన్న గది గాలిలో ఘనపు మీటరుకు 11 గ్రాముల ఆవిరే ఉంటుంది, ఇందాకటి బయటి గాలిలో సగానికన్నా తక్కువ. మూతలన్నీ తెరిచిన హెడ్‌లైట్‌ను ఏసీ గదిలో ఒక రాత్రంతా ఉంచి, ఉదయం ఆ గదిలోనే మూతలు వేసి బయటికి తేవాలి. అవకాశం లేనివారు తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో పాటు దీపాన్ని పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి గట్టిగా కట్టి, ఒకటి రెండు రోజులు ఉంచవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టడం గురించి చాలామంది చెబుతారు. బియ్యం తేమను పీల్చడంలో సిలికా జెల్‌కు సాటి రాదు, పైగా దాని పిండి ధూళి లోపలికి చేరుతుంది.

సిలికా జెల్ సంచిని దీపం లోపలే వదిలేయడం కూడా సరైనది కాదు. కొన్ని కార్లలో తయారీదారులు దానికోసం ప్రత్యేకంగా చోటు చేసి పెడతారు, అది వేరు. మనం వేసిన సంచి కుదుపులకు దొర్లి హాలోజన్ బల్బును తాకితే కాలుతుంది. నిండా తేమ పీల్చుకున్న తర్వాత, దీపం వేడికి ఆ తేమనే తిరిగి వదులుతుంది కూడా.

ఐదో అడుగు: దారి మూయడం

మూత, ఓ-రింగ్, గాలి గొట్టం వంటివి పాడైతే అతికించకుండా కొత్తవి వేయాలి. సరైన కొలతవి దొరకడం ముఖ్యం. కొత్త ఓ-రింగ్‌కు సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే చుట్టూ సమంగా కూర్చుంటుంది. రంధ్రం కోసిన మూత ఉంటే దాన్ని పక్కన పడేసి, ఆ బల్బుకు సరిపడే లోతైన మూత దొరికితే వేయాలి. దొరకకపోతే కారుకు తగిన మామూలు హాలోజన్ బల్బుకే తిరిగి రావడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

గాడిలోని జిగురు ఒకటి రెండు చోట్ల వదిలితే బయటి నుంచి సిలికాన్ పూయవచ్చు. పూసే చోటు పొడిగా, జిడ్డు లేకుండా ఉండాలి. ఎంచుకునే సిలికాన్ విషయంలో పొరపాటు పడకూడదు. బాత్రూమ్ పనులకు వాడే రకాల్లో చాలావాటికి ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది, అది లోపలికి చేరితే లోహపు పొరను, పిన్నులను తింటుంది. ట్యూబు మీద ‘న్యూట్రల్ క్యూర్’ అని రాసి ఉన్నదే తీసుకోవాలి. గీత పెట్టిన చోటుకు రెండు వైపులా మూడేసి సెంటీమీటర్లు ఎక్కువగా, సందులోకి ఒత్తుతూ పూసి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. ఆ 24 గంటలూ వెనుక మూత తెరిచే ఉండాలి, సిలికాన్ వదిలే ఆవిర్లు లోపల చిక్కుకుంటే అద్దానికి ఇంకో మసక పడుతుంది. ఏసీ గదిలో ఉంచి మూత వేయడం ఈ పని అంతా ముగిశాకే.

గాడి చాలా చోట్ల వదిలితే అద్దాన్ని పూర్తిగా ఊడదీసి కొత్త బ్యూటైల్ వేయాలి. బ్యూటైల్‌తో అతికిన దీపాలను సుమారు 100 డిగ్రీల ఓవెన్‌లో కొద్ది నిమిషాలు వేడిచేసి విడదీస్తారు. పాలీయురిథేన్ వంటి గట్టి జిగురుతో అతికిన దీపాలు వేడికి లొంగవు, బలవంతం చేస్తే అద్దం పగులుతుంది. మన దీపం ఏ రకమో బయటికి తెలియదు, ఇంటి ఓవెన్‌లో వేడి అన్ని చోట్లా సమంగా ఉండదు. ఇది హెడ్‌లైట్ల పనే రోజూ చేసే వర్క్‌షాపుకు వదలవలసిన పని. అద్దంలో పగులు ఉంటే పారదర్శకమైన టేపు వేసి కొద్ది రోజులు నెట్టుకురావచ్చు కానీ చివరికి దీపం మార్చక తప్పదు. వాహనంతో వచ్చిన ఎల్‌ఈడీ దీపాల్లో కరెంటును సర్ది అందించే డ్రైవర్ సర్క్యూట్‌కు నీరు తగిలి పచ్చదనం కనిపించినా అంతే.

కొందరు మెకానిక్‌లు అడుగున డ్రిల్‌తో ఒక రంధ్రం వేసి, వచ్చిన నీరు కారిపోతుందంటారు. నీరు కారుతుంది నిజమే. దానితోపాటు ధూళి, దోమలు, చక్రం చిమ్మిన బురద లోపలికి వస్తాయి, ఏడాది తిరిగేసరికి రిఫ్లెక్టర్ మసిబారి వెలుగు తగ్గుతుంది. ఈ సలహాను దయచేసి ఒప్పుకోకండి.

వెనుక దీపాలు, ఫాగ్ ల్యాంపులు

టెయిల్ ల్యాంపులో నీరు కనిపిస్తే డిక్కీ కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంటలో కూడా చూడాలి. దీపానికి, బాడీకి మధ్య ఉండే ప్యాకింగ్ నలిగితే నీరు రెండు చోట్లకూ చేరుతుంది, దీపం ఒక్కటే ఆరబెట్టి వదిలేస్తే కింద తుప్పు మొదలవుతుంది. ఫాగ్ ల్యాంపులు నేలకు దగ్గరగా ఉంటాయి. గాజు ముఖం ఉన్నవి వేడి మీద ఉండగా గుంటలోని చల్లని నీరు తగిలితే పగులుతాయి. అందుకని ఫాగ్ ల్యాంపులో చెమ్మ కనిపిస్తే జిగురు కన్నా ముందు గాజులో సన్నని పగులు కోసం చూడాలి.

ఆఖరి అడుగు: బిగించి పరీక్షించడం

దీపాన్ని బిగించాక, మొదట్లో సుద్ద గీతలు పెట్టిన చోటే కారు నిలిపి, గోడ మీది టేపు గుర్తులతో లో-బీమ్ వెలుగును సరిపోల్చాలి. బోల్టు రంధ్రాల్లో ఉండే కొద్దిపాటి వదులుకే దీపం పైకో కిందికో తిరుగుతుంది. వెలుగు గుర్తుకన్నా పైకి పడితే ఎదురుగా వచ్చేవారి కళ్ళలో కొడుతుంది. హెడ్‌లైట్ వెనుక ఉండే సర్దుబాటు స్క్రూతో దాన్ని పాత గుర్తుకు తేవాలి.

తరువాత చల్లగా ఉన్న దీపం మీద తోట గొట్టంతో, వాన పడినట్టుగా పై నుంచి పది నిమిషాలు నీరు పోయాలి. సూటిగా అంచుల్లోకి కొట్టకూడదు. బంపరు కింద నుంచి, చక్రం వైపు నుంచి కూడా కొద్దిసేపు పోయాలి, ఎందుకంటే బురద నీరు వచ్చేది అటు నుంచే. అద్దాన్ని బయట తుడిచి, కారును అలాగే రాత్రంతా ఉంచి, సూర్యుడు రాకముందే టార్చితో రెండు దీపాలనూ చూడాలి. చలి ఎక్కువగా ఉండే ఆ వేళ చెమ్మ ఉంటే కనిపించక మానదు. రెండూ ఒకేలా ఉంటే, మసక ఉన్నా ఒకేలా పలుచగా ఉంటే, దారి మూసుకున్నట్టే.

వాటర్ వాష్‌కు ఇచ్చినప్పుడు లైట్లు చల్లారాకే కడగమని, ప్రెషర్ గొట్టాన్ని హెడ్‌లైట్ అంచులకు, బానెట్ తెరిచి దీపాల వెనుకకు పెట్టవద్దని ముందే చెప్పాలి. బల్బు మార్పించిన ప్రతిసారీ బానెట్ మూసేముందు మూత అంచు చుట్టూ మన వేలితో మనమే ఒక్కసారి తడిమి చూసుకోవాలి. మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడు మళ్ళీ టార్చి వేసి, ఇంతకుముందు మార్కరు గీత పెట్టిన చోటు పక్కనే, సిలికాన్ అంచున కొత్త మట్టి గీత ఏదైనా మొదలైందేమో చూడాలి.